వాళ్లతోపాటే నీ కంచమూ పెట్టుకో

మదనపల్లె

చిన్నీ,

మొన్న ఫోనులో నువ్వు అడిగినదానికి అప్పుడే జవాబు చెప్పి ఉండొచ్చు. కానీ ఫోను పట్టుకుంటే నీ పక్కన పాప ఏడుస్తుంది, పొయ్యి మీద పాలు పొంగుతాయి. ఉత్తరమైతే నిమ్మళంగా చదువుకుంటావని రాస్తున్నా. "బడి ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, షుగరున్న అత్తమ్మ, అందరినీ చూసుకుంటున్నా గానీ నన్ను నేను చూసుకోవడానికి తీరడంలే పెద్దమ్మా" అన్నావు. అందరి పనులూ అయ్యాక మిగిలిన పొద్దు నీదనుకుంటున్నావు. ఆ పొద్దు ఏ ఇంట్లోనూ మిగలదమ్మీ. ముందుగా తీసి పెట్టుకోవాల్సిందే.

పుంగనూరు చుట్టుపక్కల పల్లెల్లో ఏఎన్ఎమ్‌గా తిరిగినన్నాళ్లూ నేను చూసింది ఇదే. టీకాల రోజు తల్లులు బిడ్డ కార్డును ప్లాస్టిక్ కవర్లో మడిచి భద్రంగా తెచ్చేవాళ్లు. ఏ నెలకు ఏ సూది పడాలో నాకంటే ముందు వాళ్లే చెప్పేవాళ్లు. "నీ చెయ్యి కూడా చాపు తల్లీ, రక్తం చూస్తా" అంటే మాత్రం "నాకేముందిలేమ్మా, చెనక్కాయ పెరికేదానికి పోవాల" అని లేచేవాళ్లు. కింది రెప్ప లాగి చూస్తే లోపల తెల్లగా పాలిపోయి ఉండేది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లు నూటికి దాదాపు 59 మందికి రక్తహీనత ఉందని తేలింది. ఐదేళ్లలోపు పిల్లల్లో నూటికి 63 మందికి ఉంది. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడు. తల్లిని వదిలేసి బిడ్డను మాత్రం బాగుచేయడం ఎవరివల్లా కాదు.

నువ్వు చదువుకున్నదానివి, నీకు ఇవన్నీ తెలుసు. అయినా పోయిన నెల కుప్పం వచ్చినప్పుడు మీ ఇంట్లో ఏం చూశాను? మీ అత్తకు, అదే మా వదినకు పెట్టావు, అల్లునికి పెట్టావు, పెద్దోనికి కలిపి ఇచ్చావు, పాపకు తినిపించావు. చివరికి గిన్నె అడుగున మిగిలిన సంగటి మజ్జిగలో పిసుక్కుని నిలబడే తాగేశావు. చింతచిగురు పప్పు అప్పటికే అయిపోయింది. చెయ్యి కడుక్కున్న వెంటనే గ్లాసెడు టీ. ఎనిమిది నెలల పాపకు పాలిచ్చే ఒళ్లు అది! సంగటి మంచిదే, 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. కానీ పక్కన పప్పూ ఆకుకూరా గుడ్డూ లేకుండా ఒట్టి సంగటితో ఒంటికి రక్తం పట్టదు. తిన్న వెంటనే తాగే టీ ఆ తిండిలోని ఇనుమును కూడా ఒంటికి సరిగా అందనీయదు. గంటసేపు ఆగి తాగు. పప్పులో నిమ్మకాయ పిండుకో, ఇనుము బాగా ఒంటబడుతుంది. కాన్పు తర్వాత 180 రోజులు మింగమని ఇచ్చిన ఇనుప మాత్రలు మీ బీరువా మీద ఇంకా సగం అలాగే ఉన్నాయి, అదీ చూశా.

ఇకనుంచి అందరి కంచాలతోపాటే నీ కంచమూ పెట్టు. వదిన ఏమనుకుంటుందోనని బెదరొద్దు. ఆమెతో నేను మాట్లాడతా.

ఇంకో మాట, విశ్రాంతి గురించి. మా మదనపల్లె పక్కన ఆరోగ్యవరం ఉంది కదా. 1915లో కొన్ని క్రైస్తవ మిషన్లు కలిసి అక్కడ క్షయరోగులకు శానటోరియం పెట్టాయి. డెన్మార్కు నుంచి వచ్చిన క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ అనే డాక్టరు దాన్ని నడిపించాడు. క్షయకు పనిచేసే స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టింది 1943లో. అంతవరకు ఆ జబ్బుకు సరైన మందే లేదు. పొడిగాలి, బలమైన తిండి, నెలల తరబడి విశ్రాంతి, ముఖ్యంగా ఇవే వైద్యం. అందరూ బతికారని కాదు. కానీ మన గడ్డ మీదే ఒకప్పుడు విశ్రాంతిని డాక్టర్లు మందులా ఇచ్చారు. అదే ఊళ్లలో ఈ రోజు ఒక బాలింత మధ్యాహ్నం అరగంట నడుము వాలిస్తే ఒళ్లు బరువంటారు! నాకు ఒళ్లు మండుతుంది. సెలవురోజు మధ్యాహ్నం పాప పడుకున్నప్పుడు నువ్వూ పడుకో. అంట్లు సాయంత్రం దాకా ఉంటే కొంపేం మునగదు.

అల్లుడు తెల్లారకముందే రైలెక్కి బెంగుళూరు పోయి రాత్రికి గానీ రాడు. అలసట నిజమే, కాదనను. అయినా కొన్ని పనులు పూర్తిగా ఆయనకే అప్పజెప్పు. వారానికి సరిపడా వదిన మాత్రలు డబ్బాలో సర్దడం, ఆమె పాదాలకు పుండ్లేమైనా ఉన్నాయేమో చూడడం, ఆదివారం పెద్దోని లెక్కలు, రాత్రి పాప లేస్తే ఒకసారి గుడ్డలు మార్చడం. నువ్వు గుర్తుచేస్తే చేసేట్టు కాదు, గుర్తుపెట్టుకోవడం కూడా ఆయన పనే. ఇక్కడ నీరుగట్టువారిపల్లె మగ్గాల ఇళ్లలో చూస్తుంటా. పట్టుచీర కూలి మగ్గం మీద కూర్చున్నవానికే లెక్క కడతారు. కండెలు చుట్టి, వండి, బిడ్డల్ని సాకిన ఆడమనిషి పని ఏ పుస్తకంలోనూ ఎక్కదు. నువ్వు చేసేవన్నీ ఒకరోజు కాగితం మీద రాసి అల్లుని ముందు పెట్టు. గొడవపడొద్దు, రాసి చూపించు చాలు.

మరో రెండు చిన్న సంగతులు. సంగటి తింటే షుగరు పెరగదనుకుని వదిన రెండు ముద్దలు తింటోంది. అది తప్పు, ముద్ద చిన్నది చెయ్యి, ఆకుకూర పెంచు. పాపకు ఫోను చూపించి తినిపించొద్దు. రెండేళ్ల లోపు పిల్లలకు తెర అసలే వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అంటోంది.

ఒక సంగతి నువ్వు చెప్పలేదు గానీ నీ గొంతులో వినిపించింది. పాప పడుకున్నా నీకు నిద్ర పట్టకపోవడం, ఊరికే ఏడుపు రావడం, బిడ్డను ఎత్తుకున్నా సంతోషం లేకపోవడం, ఇవి రెండు వారాలు దాటినా తగ్గకపోతే దాచుకోవద్దు తల్లీ. అది నీ చేతకానితనం కాదు, కాన్పు తర్వాత ఎంతోమందికి వచ్చే జబ్బు, వైద్యంతో తగ్గుతుంది. 14416కు ఫోన్ చెయ్యి. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన టెలి మానస్ అది, డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడతారు. నాకైతే అర్ధరాత్రయినా ఫోన్ చెయ్యి.

ఈ ఉత్తరం అల్లునికీ చదవనియ్యి. శనివారం బడి వదిలాక పాపను వదిన దగ్గర వదిలి కుప్పం ఏరియా ఆసుపత్రికి పోయి రక్తం చూపించుకో. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువుంటే డాక్టరు చెప్పినట్టు మాత్రలు మళ్లీ మొదలుపెట్టు. ఎంత వచ్చిందో ఆ సాయంత్రమే నాకు చెప్పు.

నీ పెద్దమ్మ