గోధుమ తుప్పు: ఒక శిలీంధ్రం, అనేక తెగలు

ఉత్తర భారతంలో గోధుమ రైతులు ఈ తెగులును 'గేరుయీ' అంటారు. గేరు అనగా జేగురు. తెగులు ముదిరిన చేలో నడచిన మనిషి బట్టలకు ఆ రంగు పొడి అంటుకొంటుంది. 'తుప్పు తెగులు' అనే తెలుగు పేరు కన్న ఈ పేరే చూచినదాన్ని చూచినట్లు చెబుతున్నది. ఆ పొడిలోని ప్రతి రేణువూ ఒక సిద్ధబీజం. గాలిలో వందల మైళ్లు ప్రయాణించి మరొక పైరుపై అది మొలకెత్తగలదు.

గోధుమకు సోకే తుప్పు మూడు విధాలు: కాండాన్ని ఆశించే నల్ల తుప్పు, ఆకులపై వచ్చే గోధుమరంగు తుప్పు, చారలుగా ఏర్పడే పసుపు తుప్పు. మూడూ పక్సీనియా ప్రజాతికి చెందిన వేర్వేరు శిలీంధ్రాలు. నల్ల తుప్పులో గోధుమకు సోకే రూపం వేరు, రై ధాన్యానికి సోకేది వేరు, ఓట్లకు సోకేది వేరు అని 1894లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఎరిక్‌సన్ తెలియజేశాడు. అమెరికాలో స్టాక్‌మన్ మరింత లోతుకు పోయాడు. గోధుమకు సోకే రూపంలోనే అనేక తెగలు ఉన్నవని ఆయన పరిశోధన తేల్చింది.

సూక్ష్మదర్శినిలో ఈ తెగలన్నీ ఒక్కటిగానే కనబడతాయి. వాటిని వేరుపరచేది గోధుమ మొక్కయే. ఎంపిక చేసిన కొన్ని వంగడాల మొలకలపై సిద్ధబీజాలను చల్లి, సుమారు రెండు వారాల తరువాత ఆకులను పరీక్షిస్తారు. ఏ లక్షణమూ కనబడకపోతే సున్న. పెద్ద పొక్కులు లేచి పొడి రాలితే నాలుగు. ఏ వంగడం లొంగినది, ఏది నిలిచినది అనే పట్టికను బట్టి తెగ నిర్ణయమవుతుంది.

మొక్కలోని నిరోధక జన్యువు ఒక కావలివాని వంటిది. శిలీంధ్రం విడుదల చేసే ఒకానొక పదార్థాన్ని గుర్తుపట్టి, సోకిన కణాలను అక్కడికక్కడే చంపివేసి తెగులు వ్యాప్తిని ఆపుతుంది. ఆ పదార్థం మారినా, లోపించినా కావలివాడు దొంగను పోల్చుకోలేడు. కోట్లకొలది సిద్ధబీజాలలో ఏ ఒక్కదానిలోనైనా అటువంటి మార్పు సంభవిస్తే చాలును.

పి.బి.డబ్ల్యు. 343 అనే వంగడం కథ ఇదే. 1995లో విడుదలైన ఈ గోధుమ పంజాబ్, హర్యానా, పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లలో లక్షల హెక్టార్లకు విస్తరించింది. పసుపు తుప్పును ఎదుర్కొనడానికి దానిలో రెండు జన్యువులు ఉండేవి. 1990ల మధ్యలో 46ఎస్119 అనే తెగ మొదటిదాన్ని జయించినా రెండవది పంటను కాపాడింది. 2001లో గుర్తించిన 78ఎస్84 తెగ రెండింటినీ దాటింది. తరువాతి సంవత్సరాలలో ఆ ప్రాంతాల చేలు పసుపుబారాయి. అంతకుముందు, 1970లలో, కళ్యాణ్ సోనా అనే ప్రఖ్యాత వంగడం గోధుమరంగు తుప్పుకు ఇలాగే లొంగిపోయింది. మంచి విత్తనాన్ని రైతు వదులుకోడు, అది సహజమే. కాని ఒకే విత్తనం ఎల్లెడలా నిండినప్పుడు, దానిని జయించిన తెగకు దారిలో అడ్డన్నది ఉండదు.

ఈ తెగులు ఏటేటా ఎక్కడి నుండి వస్తున్నది? ఆగ్రా కళాశాలకు చెందిన ఆచార్య కరమ్‌చంద్ మెహతా దీనికి సమాధానం వెదికారు. వేసవిలో మైదానాల వేడిమికి సిద్ధబీజాలు బ్రతకవు. హిమాలయాలలో, నీలగిరి, పళని కొండలలో శిలీంధ్రం నిలిచియుండి, శీతకాలపు పైరుకు దిగివస్తుందని ఆయన నిరూపించారు. 1930లో సిమ్లాలోని ఫ్లవర్‌డేల్‌లో ఈ పరిశోధనకై ప్రయోగశాల ఏర్పడింది. బంగాళాఖాతపు వాయుగుండాలు నీలగిరుల సిద్ధబీజాలను మధ్యభారతానికి మోసుకుపోయి వర్షంతో దింపుతాయని 1970లలో నాగరాజన్ మొదలగువారు వివరించారు. దక్షిణాది కొండలపై పుట్టిన తెగ, ఆ విధంగా, నర్మదా తీరపు రైతుకు కీడు చేస్తుంది.

పసుపు తుప్పు వైవిధ్యం హిమాలయ పరిసరాలలో అత్యధికమని 2014లో జన్యు పరిశీలనలు తెలిపాయి. నల్ల తుప్పులోనైతే 1998లో ఉగాండాలో కనబడిన యు.జి.99 అనే తెగ, ఎస్.ఆర్.31 అనే జన్యువును జయించింది. రై ధాన్యం నుండి గోధుమలోకి వచ్చిన ఆ జన్యువు పి.బి.డబ్ల్యు. 343లోనూ ఉన్నది. ఆ తెగ 2007 నాటికి ఇరాన్ చేరింది. భారతీయ వంగడాలను కెన్యాలోని న్జోరోకు పంపి, అక్కడి తెగులులో నాటి, ఏవి నిలుస్తాయో ముందుగానే పరీక్షించడం అప్పటినుండి ఒక పద్ధతి అయినది. ఇటు సార్క్ దేశాలలోను ఒకే రకపు పరీక్షా వంగడాలను చిన్న మడులలో విత్తి, పొక్కులు లేచిన ఆకులను సేకరించి, ఏ తెగ ఏ దిక్కు నుండి సాగుతున్నదో గమనిస్తూ వచ్చారు.