ఫౌజుకి వెళ్లే అబ్బాయికి బండి ఎప్పుడు కొనాలి?

మా కృష్ణా జిల్లా దివిసీమ కుర్రాడు ఎవడైనా అగ్నివీర్‌గా ఎంపికయ్యాడంటే నాకు కడుపు నిండినట్టుంటుంది. ఆర్మీలో సుబేదారుగా చేసి వచ్చినవాణ్ణని, వెళ్లేముందు ఒకసారి కనిపించి పోతుంటారు. వెంట వచ్చిన తల్లిదండ్రులు ఒక ప్రశ్న మాత్రం తప్పకుండా అడుగుతారు: "వీడికి ఇప్పుడే బండి కొనిపెట్టమంటారా?" వద్దంటాను. ఎందుకు వద్దో, ఎప్పుడు కొనాలో, ఎలా చూసుకోవాలో అందరికీ విడివిడిగా చెప్పే బదులు ఇక్కడ రాస్తున్నాను.

1. ముందు లైసెన్సు

అగ్నివీర్‌కి పదిహేడున్నర ఏళ్లకే అర్హత ఉంది. గేరు బండికి మాత్రం పద్దెనిమిది నిండాలి. నిండిన వెంటనే ఎల్‌ఎల్‌ఆర్ (లర్నర్ లైసెన్సు) తీసుకో నాయనా. అది చేతికొచ్చాక 30 రోజులు ఆగితే గాని పక్కా లైసెన్సు పరీక్షకు రానివ్వరు. నీకు ఏడాదికి దొరికే సెలవేమో 30 రోజులే. అందులో రానూ పోనూ రైల్లోనే కొన్ని రోజులు పోతాయి. కాబట్టి లీవులో చూసుకుందాంలే అనుకుంటే ఒక సెలవులో పని తెమలదు. ఎంపిక జాబితా వచ్చాక ట్రైనింగ్ సెంటర్‌కి బయల్దేరేలోగా దొరికే వారాల్లోనే పూర్తి చేసుకో. మోటార్ సైకిల్‌తో పాటు కారుకి కూడా కలిపి తీసుకో.

పద్దెనిమిది నిండని పిల్లాడి చేతికి తాళం ఇవ్వకండని తల్లిదండ్రులకు మరీ మరీ చెబుతున్నాను. 2019లో చట్టం మార్చాక మైనరు బండి నడిపితే తండ్రికి 25,000 జరిమానా, మూడేళ్ల దాకా జైలు కూడా పడొచ్చు. పోలీసు వెరిఫికేషన్ ముందున్న కుర్రాడికి యాక్సిడెంట్ కేసు తగిలితే ఇన్నాళ్లూ తెల్లవారుజామున కాలవగట్టు మీద పరుగెత్తిన కష్టమంతా గాలిలో కలిసిపోతుంది.

2. జీతం కాగితం మీద ఒకటి, చేతికి ఒకటి

2022 జూన్‌లో అగ్నివీర్‌లను చేర్చుకునే అగ్నిపథ్ పథకం ప్రకటించినప్పుడు మొదటి ఏడాది నెలకు 30,000 అన్నారు. అందులో 9,000 సర్వీసు ముగిశాక ఇచ్చే సేవానిధికి పోతుంది, చేతికొచ్చేది 21,000. ఏడాదంతా కలిపినా 2,52,000. ఒక బుల్లెట్ రోడ్డెక్కేసరికి సుమారు రెండు లక్షలవుతుంది. అంటే మొదటి ఏడాది జీతంలో చాలా భాగం, నువ్వు ఎక్కని బండికి పోసినట్టే. ఇంట్లో చెరువు లీజు బాకీ ఉన్నా, చెల్లెలి కాలేజీ ఫీజు ఉన్నా ముందు అవి తీరాలి.

నాలుగేళ్లకు వచ్చే సేవానిధి సుమారు 11.71 లక్షలు. దాన్ని చూసుకుని ఇప్పుడు ఫైనాన్స్ తీసుకునేవాళ్లున్నారు. నాలుగేళ్ల తర్వాత రెగ్యులర్‌గా ఉంచుకునేది 25 శాతం మంది దాకానే. మిగతావాళ్లు బయటికొచ్చి కొత్త బతుకు మొదలుపెట్టేది ఆ డబ్బుతోనే. దాన్ని ముట్టుకోకూడదు.

3. నీ అసలు వాహనం రైలు

ట్రైనింగ్ గోల్కొండ ఆర్టిలరీ సెంటర్లో అయినా, సికింద్రాబాద్ ఈఎంఈలో అయినా, బెంగళూరు ఎంఈజీలో అయినా, వెల్లింగ్టన్ మద్రాస్ రెజిమెంట్లో అయినా నీ వెంట వచ్చేది నల్ల ట్రంకు పెట్టె ఒక్కటే. సొంత బండికి అక్కడ చోటు లేదు. కాబట్టి ఇల్లు దాటి రైలెక్కే దారి బాగా తెలిసుండాలి.

బందరు వాళ్లకు, పెడన, గుడ్లవల్లేరు వాళ్లకు ఊళ్లోనే రైలుంది. గుడివాడ జంక్షన్ నుంచి భీమవరం వైపు కూడా లైనుంది. అందుకే విశాఖ మీదుగా ఒడిశాలోని ఐఎన్ఎస్ చిల్కాకి వెళ్లే నేవీ కుర్రాళ్లు విజయవాడ దాకా వెనక్కి పోనక్కర్లేదు. మన దివిసీమకి రైలు లేదు. అందరూ అలవాటు కొద్దీ అవనిగడ్డలో విజయవాడ బస్సెక్కుతారు. మద్రాసు వైపు వెళ్లేవాళ్లయితే పులిగడ్డ వారధి దాటి రేపల్లెలో రైలెక్కితే తెనాలిలో మెయిన్ లైను అందుతుంది. ఎదురుమొండి దీవుల వాళ్లు మాత్రం ఒక రోజు ముందే బల్లకట్టు దాటి ఇవతల చుట్టాలింట్లో పడుకోవాలి. వాతావరణం బాగాలేకపోతే రేవు ఆగిపోతుంది. తగిన కారణం లేకుండా సెలవు మించి ఇంటి దగ్గర ఉండిపోవడం ఆర్మీ చట్టం 39వ సెక్షన్ కింద నేరం. బండి చెడిపోయిందనో, రేవు ఆగిందనో చెప్పి తప్పించుకోవడం కష్టం.

4. మన ఉప్పుగాలి బండిని తినేస్తుంది

నాగాయలంక, కోడూరు, ఇటు బందరు చిలకలపూడి వైపు, కుర్రాడు మళ్లీ సెలవుకొచ్చేదాకా వసారాలో పదకొండు నెలలు కదలకుండా ఉన్న బండిని దగ్గరకెళ్లి చూడండి. చెయిన్ ఎర్రగా బిగుసుకుపోయి ఉంటుంది. స్పోకులు రిమ్ములో దిగేచోట తుప్పు పొక్కులు లేస్తాయి. సైలెన్సర్ అడుగున వేలితో గీరితే పెచ్చులు రాలతాయి. బ్రేకు కేబుల్ లాగితే తిరిగి రాదు. పైన కప్పిన ప్లాస్టిక్ పట్టా చెమ్మని లోపలే పట్టి ఉంచి ఇంకా చెరుపు చేస్తుంది.

బండి ఇప్పటికే ఉంటే ఇలా చెయ్యి. మంచినీళ్లతో కడిగి పూర్తిగా ఆరనివ్వు. సెంటర్ స్టాండ్ మీద నిలబెట్టు. చెయిన్‌కి, నట్లకి నూనె పట్టించు. బ్యాటరీ తీగ విప్పెయ్యి. పాత దుప్పటి కప్పు. ఇంట్లో ఎవరైనా వాడేవాళ్లుంటే అంతకన్నా మంచిది లేదు. ఎవరూ లేకపోతే అమ్మెయ్యి.

5. బండి నీ పేర, తోలేది తమ్ముడు

నువ్వు కశ్మీర్‌లో కుప్వారాలో ఉంటావు, బండి చల్లపల్లి సెంటర్లో తిరుగుతుంటుంది. లైసెన్సు లేని తమ్ముడు ఎవరినైనా గుద్దాడనుకో, ఇన్సూరెన్స్ కంపెనీ బాధితుడికి డబ్బు కట్టి, తర్వాత అది నీ దగ్గర వసూలు చేసుకోవచ్చు. యజమానిగా కోర్టు కాగితాలు నీకే వస్తాయి. కొత్త టూవీలర్‌తో వచ్చే అయిదేళ్ల పాలసీ ఎదుటివాడి నష్టానికే. నీ బండికి జరిగే నష్టం పాలసీ ఏటేటా కట్టుకోవాలి, మనిషి ఊళ్లో లేకపోతే దాన్ని మర్చిపోతారు. ఇంటి అవసరానికే కొంటుంటే, లైసెన్సున్న నాన్న పేరో అక్క పేరో పెట్టి కొనండి.

6. యూనిట్లో సైకిల్

కంటోన్మెంట్లో బ్యారక్ లైన్ల నుంచి గ్రౌండుకి, మెస్సుకి, క్యాంటీన్‌కి సైకిలే తిరుగుతుంది. బదిలీ అయినవాడు వచ్చినవాడికి అమ్మేసి పోతాడు. మడ్‌గార్డ్ మీద పాత పేరు గోకి కొత్త పేరు రాసుకుంటే సరి. పెట్రోలు లేదు, టాక్సు లేదు.

7. పీస్ స్టేషన్ వచ్చాక

సరిహద్దు డ్యూటీ కాకుండా పీస్ స్టేషన్‌కి పోస్టింగ్ వచ్చినప్పుడే బండి కొనే వేళ. రెండేళ్లయినా ఒకచోట ఉంటావని తెలిశాక, యూనిట్లో అనుమతి అడిగి, గేటు పాసు ఇస్తారని రూఢి చేసుకుని కొను. సీఎస్‌డీ క్యాంటీన్ ద్వారా ధర తగ్గుతుంది. నీకు ఏ బండికి అర్హత ఉందో యూనిట్ క్యాంటీన్లో ముందే కనుక్కో.

ఇంటి నుంచి బండి తీసుకెళ్తే రైల్వే పార్సెల్లో వేయొచ్చు. ట్యాంకులో పెట్రోలు చుక్క లేకుండా తీసి, గోనెపట్టాలు చుట్టించి, ఆర్‌సీ, ఇన్సూరెన్స్ నకళ్లు ఇవ్వాలి. వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలి. దానికి ఇక్కడి రవాణా ఆఫీసు నుంచి ఎన్‌ఓసీ కావాలి, ఫైనాన్స్ ఉంటే వాళ్ల ఒప్పుదల కూడా కావాలి. 2021లో వచ్చిన బీహెచ్ సిరీస్ నంబరు రక్షణ సిబ్బందికి వర్తిస్తుంది. ఆ నంబరుంటే రాష్ట్రం మారినా పేచీ లేదు, టాక్సు రెండేళ్లకోసారి కట్టుకుంటూ పోవచ్చు. మాకా రోజుల్లో అది లేదు. అయితే పఠాన్‌కోట్‌లో ఏపీ 16 నంబరు కనిపిస్తే మన కృష్ణా జిల్లా వాడేనని ఆపి మాట్లాడేవాళ్లం. 2019లో రాష్ట్రమంతటికీ ఒకే ఏపీ 39 పెట్టడంతో ఆ గుర్తు పోయింది.

8. సెలవులో రోడ్డు

సరిహద్దులో ఏమీ కాని పిల్లలు సెలవులో ఇంటి దగ్గర రోడ్డు మీద పోయారు. ఆ ఇళ్లకు వెళ్లి కూర్చున్నవాణ్ణి కనుక గట్టిగా చెబుతున్నాను. కోతల రోజుల్లో మన రోడ్ల మీద ధాన్యం ఆరబోస్తారు. చీకట్లో ఆ గింజల మీద టైరు జారుతుంది. చుట్టూ పెట్టిన రాళ్లు కనపడవు. 216 హైవే మీద చేపల లారీలు, రొయ్యల లారీలు నీళ్లు కారుస్తూ పోతాయి. కరకట్ట మీద గేదెలు అడ్డం వస్తాయి. జమ్మూ నుంచి రెండు రాత్రుళ్లు రైల్లో కూర్చుని వచ్చినవాడికి ఇవన్నీ చూసే కళ్లుండవు. దిగిన రోజు బస్సులోనో ఆటోలోనో ఇంటికి రా, తిని పడుకో, స్నేహితుల్ని మర్నాడు కలుద్దువు. హెల్మెట్లు రెండు కొను. రెండోది వెనక కూర్చునే అమ్మకి.