అదను – పదును: పెరటి క్యారెట్ చెప్పే పాఠం

తెలుగు రైతు నోట తరచుగా వినిపించే మాటలు రెండు: అదను, పదును. విత్తడానికి తగిన కాలం అదను. విత్తనం మొలకెత్తడానికి నేలలో ఉండవలసిన తగుమాత్రపు తడి పదును. పదును తప్పితే నీరు పెట్టి సరిదిద్దుకోవచ్చు. అదను తప్పితే మాత్రం ఆ ఏటికి దిద్దుబాటు లేదు. ఈ సత్యాన్ని పెరటిలోని ఒక చిన్న మడిలోనే స్పష్టంగా చూపగల పంట క్యారెట్.

క్యారెట్‌కు గాజరగడ్డ అనే పేరు కూడా ఉంది. కొత్తిమీర, జీలకర్ర, వాము, సోంపు ఏ కుటుంబానికి చెందినవో ఇదీ ఆ కుటుంబానికి చెందినదే. పూర్వం అఫ్గానిస్థాన్ పరిసరాలలో ఊదా, పసుపు రంగుల దుంపగా సాగై, అక్కడి నుంచి తూర్పు పడమరలకు వ్యాపించింది. నేడు సుపరిచితమైన నారింజ రంగు క్యారెట్ 17వ శతాబ్దం నాటికి ఐరోపాలో, ముఖ్యంగా నెదర్లాండ్స్‌లో స్థిరపడింది. పుట్టినది కొండసీమలలో, పెరిగినది చలిదేశాలలో కావడం చేత చల్లదనాన్ని కోరుకోవడం దాని స్వభావమైంది.

పగటివేళ ఆకులు సూర్యకాంతిలో చక్కెరను తయారుచేస్తాయి. రాత్రివేళ శ్వాసక్రియ ఆ చక్కెరలో కొంత భాగాన్ని ఖర్చుచేస్తుంది. రాత్రి చల్లగా ఉంటే ఖర్చు తగ్గి, మిగులు దుంపలోకి చేరుతుంది. రాత్రి వెచ్చగా ఉంటే సంపాదన ఖర్చుకే సరిపోతుంది. అందువల్ల సుమారు 16 నుంచి 21 డిగ్రీల సెల్సియస్ సగటు ఉష్ణోగ్రతలో దుంప చక్కని రంగును, తీపిని, పొడవును పొందుతుంది. వేడి 25 డిగ్రీలను మించి కొనసాగితే దుంప పొట్టిగా, పాలిపోయి, పీచుతో, కొంత వగరుగా తయారవుతుంది. ఆకు ఎంత ఏపుగా పెరిగినా నేలలోని ఫలం నిరాశపరుస్తుంది. దుంప నేలలో దాగి ఉండడం చేత ఈ లోపం పెరికేదాకా బయటపడదు. మూడు నెలల శ్రమ అప్పటికే ముగిసి ఉంటుంది.

కాబట్టి విత్తే తేదీని ముందుకు కాక వెనుకకు లెక్కించాలి. క్యారెట్ చేతికి రావడానికి 90 నుంచి 100 రోజులు పడుతుంది. మొదటి నెలన్నరలో మొలక, ఆకు, వేరు ఏర్పడతాయి. దుంప ఊరేది ఆ తరువాతనే. ఆ ఊరే కాలం ఆ ప్రాంతంలోని అతిచల్లని రోజులతో కలవాలి. తెలుగు మైదానాలలో ఆ రోజులు డిసెంబరు, జనవరి నెలలు. వాటి నుంచి నెలన్నర వెనుకకు వస్తే అక్టోబరు రెండవ సగం, నవంబరు మొదటి సగం తేలుతాయి. అదే విత్తనపు అదను. జనవరిలో విత్తిన మడికి దుంప ఊరే వేళకు మార్చి ఎండ ఎదురవుతుంది.

అయితే తెలుగునేల అంతటా శీతోష్ణస్థితి ఒక్క తీరుగా లేదు. దక్కన్ పీఠభూమి మీది తెలంగాణ జిల్లాలలో చలి ముందుగా వచ్చి రాత్రులను బాగా చల్లబరుస్తుంది. అక్కడ అక్టోబరులోనే విత్తవచ్చు. కోస్తాలో సముద్రం రాత్రివేళ నేలను త్వరగా చల్లబడనీయదు. పైగా అక్టోబరు, నవంబరు నెలలలో ఈశాన్య రుతుపవనాల వానలు, తుపానులు లేత మొలకలను తుడిచిపెట్టగలవు. అందువల్ల అక్కడ జడివానలు వెనుకబడ్డాక, నవంబరు రెండవ సగంలో విత్తడం మేలు. వేడిని కొంత తట్టుకునే పూసా కేసర్ వంటి ఆసియా రకాలు అక్కడికి అనువైనవి. సముద్రమట్టం నుంచి ప్రతి 1000 మీటర్ల ఎత్తుకు ఉష్ణోగ్రత దాదాపు 6 డిగ్రీలు తగ్గుతుంది. కనుకనే సుమారు 900 మీటర్ల ఎత్తుగల అరకులోయలో ఈ పంటకు మరింత నిడివిగల చలికాలం లభిస్తుంది. 2200 మీటర్ల ఎత్తున ఉన్న ఊటీ ప్రాంతంలో ఏడాది పొడవునా క్యారెట్ సాగవుతుంది.

ఇంగ్లండు వంటి దేశాల తోటపని పుస్తకాలు క్యారెట్‌ను వసంతంలో విత్తమంటాయి. అక్కడ వసంతమంటే మంచు కరిగి, నేల అప్పుడప్పుడే వెచ్చబడే వేళ. తెలుగువారి వసంతం చైత్ర వైశాఖాలు; అది మామిడి పండే వేడి కాలం. రుతువు పేరు ఒకటే అయినా నేల వేరు. పొట్లం మీది అచ్చును నమ్మి మార్చిలో విత్తిన వ్యక్తి శ్రద్ధలో లోపం లేదు. ఆ సలహా అతని ఊరికి చెప్పినది కాదు.

స్థానికమైన కాలజ్ఞానాన్ని మన పెద్దలు కార్తెలలో భద్రపరిచారు. సూర్యుడు 27 నక్షత్రాలలో ఒక్కొక్కదానిలో సంచరించే సుమారు 13 లేదా 14 రోజుల కాలమే కార్తె. చాంద్రమాన మాసాలు అధికమాసం వల్ల ముందువెనుకలవుతాయి. కార్తెలు సూర్యుని అనుసరించేవి కనుక ఏటా దాదాపు ఒకే తేదీలకు వస్తాయి. చిత్త, స్వాతి కార్తెలు అక్టోబరు రెండవ వారం నుంచి నవంబరు మొదటి వారం వరకు నడుస్తాయి. పైన తేలిన అదనులో తొలిభాగం ఇదే.

కాని నేడు కార్తె ఒక్కటే చాలదు. 1901 నుంచి ఉన్న వాతావరణ లెక్కలలో, దేశవ్యాప్త సగటు గరిష్ఠ ఉష్ణోగ్రతను బట్టి, 2022 మార్చి నాటివరకు వచ్చిన మార్చి నెలలన్నిటిలోనూ, 2023 ఫిబ్రవరి నాటివరకు వచ్చిన ఫిబ్రవరి నెలలన్నిటిలోనూ అత్యంత వేడిగా నమోదయ్యాయి. ఎండ ముందుగా వస్తే అదను కురచబడుతుంది. ఆలస్యంగా విత్తినవారికి వెనుకటివలె క్షమ దొరకదు. తాతల కార్తెకు ఇంటిలోని ఉష్ణమాపకాన్ని తోడుచేసుకోవడమే వివేకం.

అదను కుదిరాక పదును చూడాలి. క్యారెట్‌ను నారు పోసి నాటకూడదు. లేత తల్లివేరు కదిలితే దుంప చీలుతుంది. మెత్తని ఇసుకపాలు నేలలో, లేదా అడుగు లోతుగల కుండీలో, సెంటీమీటరు లోతున నేరుగా విత్తాలి. పచ్చిపేడ, రాళ్లు ఉన్నచోట దుంప కాళ్లు చాపినట్లు పాయలుగా విడిపోతుంది; బాగా మాగిన ఎరువే వాడాలి. మొలకకు వారం నుంచి రెండు వారాలు పడుతుంది. అంతవరకు గోనెపట్టా కప్పి తడి ఆరకుండా చూడాలి. మొలక కనిపించగానే తీసివేయాలి. తరువాత మొక్కకూ మొక్కకూ 5 నుంచి 8 సెంటీమీటర్ల ఎడం ఉండేటట్లు మిగిలినవాటిని పెరికివేయాలి. బయటపడిన దుంప భుజాలు ఎండకు పచ్చబడకుండా మట్టిని ఎగదోయాలి.

అడుగు నేల గలవారు కూడా ఈ ప్రయోగం చేయవచ్చు. అక్టోబరు చివరన ఒక వరుస, మరో రెండు వారాలకు ఒక వరుస, జనవరిలో ఒక వరుస విత్తి, మూడింటి దుంపలను పక్కపక్కన పెట్టి చూస్తే కాలం చేసే పని కంటికి కనిపిస్తుంది. విత్తనం ఒకటే, మట్టి ఒకటే, చేయి ఒకటే, తేడా అదనుదే.

ప్రశ్నలు

1. అదను, పదునుల భేదాన్ని వివరించండి.
2. క్యారెట్ విత్తే తేదీని వెనుకకు లెక్కించడం ఎందుకు?
3. కోస్తాలోనూ, పీఠభూమి మీదా విత్తే కాలాలు వేరుకావడానికి కారణాలు తెలపండి.
4. కార్తెల జ్ఞానానికి ఉష్ణమాపకం తోడు కావాలనడంలోని ఔచిత్యాన్ని చర్చించండి.