మినిమమ్ డ్యూ కడితే చాలదా?

ప్రశ్న: ఉద్యోగంలో చేరి ఏడాదైంది. క్రెడిట్ కార్డు బిల్లు 40,000 వచ్చింది. ప్రతి నెలా మినిమమ్ డ్యూ కడుతూ పోతే ఇబ్బందా?

జవాబు: ఇబ్బందే. బిల్లులో రెండు అంకెలుంటాయి: మొత్తం బాకీ 40,000, మినిమమ్ డ్యూ 2,000. కొత్తగా జీతం అందుకుంటున్నవాళ్ల కన్ను చిన్న అంకె మీదే పడుతుంది. అది కడితే లేటు ఫీజు తప్పుతుంది. అంతవరకే.

మిగిలిన 38,000 మీద నెలకు 3.5 శాతం లెక్కన వడ్డీ 1,330 రూపాయలు. ఆ వడ్డీపై 18 శాతం జీఎస్టీ మరో 239. అంటే ఏడాదికి వడ్డీయే 42 శాతం! పర్సనల్ లోన్ కూడా సాధారణంగా ఇంతకంటే చౌక. పైగా పాత బాకీ తీరేదాకా కొత్త కొనుగోళ్లకు వడ్డీ లేని గడువు ఉండదు. నిన్న తెప్పించుకున్న బిర్యానీకి నిన్నటి నుంచే వడ్డీ పడుతుంది.

నచ్చని ఉద్యోగం వదిలేయాలన్నా, పైచదువుకు వెళ్లాలన్నా ఇరవైల్లోనే వీలు. నెలనెలా వెంటాడే బాకీ ముందుగా మింగేది ఆ స్వేచ్ఛనే.

ముందు కార్డు వాడకం ఆపాలి. ఒకేసారి కట్టలేకపోతే తక్కువ వడ్డీ ఈఎంఐగా మార్చమని బ్యాంకును అడగాలి. ప్రాసెసింగ్ ఫీజు ఎంతో ముందే కనుక్కోవాలి. బాకీ తీరాక ఆటో డెబిట్‌ను మొత్తం బిల్లుకు పెట్టుకోవాలి, మినిమమ్ డ్యూకు కాదు.