కుండీకి దాహం ఎక్కువ

ఈ సంచికకి కవిత ఇమ్మన్నారు. నాకు కవితలు రావు కాబట్టి వచ్చినదే రాస్తున్నా: ఎండాకాలంలో కుండీలో తడి ఎక్కువసేపు నిలవాలంటే ఏం చేయాలి?

నేలలో పెరిగే మొక్కకి ఒక సౌకర్యం ఉంది. పైన మట్టి ఎండిపోయినా అడుగున తడి ఉంటుంది, వేరు వెతుక్కుంటూ దాని దాకా పోతుంది. కుండీలో అలా కుదరదు. పది లీటర్ల మట్టి అంటే పదే. పైగా ఎండ పక్కల నుంచి కూడా తగులుతుంది. మట్టికుండీ అయితే గోడల్లోంచి కూడా నీరు ఆవిరవుతుంది (కూజాలో నీళ్ళు చల్లబడేది ఇందుకే). మా సీఎస్‌ఈ వాళ్ళ భాషలో చెప్పాలంటే కుండీ ఒక చిన్న బఫర్. మొక్క నీళ్ళు తాగే స్పీడ్ మన చేతిలో లేదు. బఫర్ సైజు మాత్రం కొంతవరకు మన చేతిలో ఉంది.

ఇదంతా నాకెందుకు పట్టిందంటే, మా డాబా మీద కుళాయి లేదు. మే నెలలో అమ్మ రోజుకి రెండుసార్లు బకెట్లు మోసుకుని మెట్లెక్కేది. మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాక డాక్టర్ బరువులు ఎత్తొద్దన్నారు. కుండీలు ఎవరికైనా ఇచ్చేద్దాం అన్నారు నాన్న. అమ్మ ఏమీ అనలేదు. నేనేమో హాస్టల్లో ఉంటా. కనీసం ఆ రెండుసార్లని ఒకసారి చేయగలనా అని చదవడం మొదలుపెట్టా. తెలుసుకున్నవి ఇవి.

1. కొబ్బరి పొట్టు

షాపుల్లో కోకోపీట్ అని అమ్ముతారు. కొబ్బరి డొక్క నుంచి పీచు తీశాక రాలే పొడి ఇది. కోనసీమ వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. స్పాంజిలా ఉండి తన బరువుకి దాదాపు ఎనిమిది రెట్ల నీటిని పట్టుకుంటుంది. అయితే రెండు జాగ్రత్తలు. ఒకటి, ఇందులో ఉప్పు ఉండొచ్చు. నానబెట్టి, టీ రంగు నీళ్ళు తేటపడే దాకా రెండుమూడుసార్లు కడిగి పిండాలి. రెండు, ఇందులో మొక్కకి తిండి దాదాపు లేదు. అందుకే ఒట్టి పొట్టులో పెంచకూడదు. మట్టి ఒక పాలు, పొట్టు ఒక పాలు, వర్మీకంపోస్టు ఒక పాలు అన్నది మిద్దెతోటల వాళ్ళు ఎక్కువగా వాడే లెక్క. కంపోస్టు కూడా తడిని పట్టుకుంటుంది, తిండీ పెడుతుంది.

2. వర్మిక్యులైట్

అభ్రకం లాంటి పొరల ఖనిజాన్ని బాగా వేడి చేస్తే పొంగి అకార్డియన్‌లా తెరుచుకుంటుంది. ఆ పొరల మధ్య నీళ్ళు నిలుస్తాయి. తెల్లగా థర్మాకోల్ బిళ్ళల్లా ఉండే పెర్లైట్‌ని చూసి చాలామంది ఇదే అనుకుంటారు. పెర్లైట్ ముఖ్యంగా గాలి ఆడటానికి. తడి కావాలంటే వర్మిక్యులైట్ అడగండి.

3. హైడ్రోజెల్

పంచదార పలుకుల్లాంటి పాలిమర్. నీళ్ళు తగిలితే జెల్లీలా ఉబ్బుతుంది. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ తయారుచేసిన పూసా హైడ్రోజెల్ శుద్ధమైన నీటిలో తన బరువుకి కనీసం 350 రెట్లు పీల్చుకుంటుందని చెప్తారు. అంటే 5 గ్రాములకి 1,750 మిల్లీలీటర్లు. కానీ "శుద్ధమైన" అన్న మాట దగ్గర ఆగండి. బోరు నీళ్ళలోని కాల్షియం, ఎరువుల్లోని లవణాలు ఆ పాలిమర్ గొలుసుల్ని దగ్గరకి లాగేస్తాయి, అప్పుడు అంత ఉబ్బదు. మన ఊళ్ళ బోరు నీళ్ళు ఎలా ఉంటాయో తెలిసిందే కదా! ప్యాకెట్ మీద రాసిన కొలత దాటొద్దు. ఎక్కువైతే ఉబ్బి మట్టిని పైకి తోస్తుంది, వేళ్ళకి గాలి అందదు. డైపర్లు చింపి ఆ జెల్ వేసే చిట్కా చాలా వీడియోల్లో కనిపిస్తుంది. అందులో ఉండేది సోడియం రకం. మొక్కకి సోడియం మంచిది కాదు, వద్దు.

4. పైన దుప్పటి

ఎండుటాకులు, ఎండుగడ్డి, వేరుశనగ పొట్టు, ఏదైనా రెండు అంగుళాల మందాన కప్పడం. దీన్నే మల్చింగ్ అంటారు. నీటిని దాచడం కంటే పోనివ్వకుండా ఆపడం దీని పని. కాండం చుట్టూ కాస్త ఖాళీ వదలాలి, లేకపోతే కుళ్ళుతుంది. ఖర్చు సున్నా కాబట్టి మొదట ఇదే చేయండి.

అడుగున గులకరాళ్ళు వద్దు

నీళ్ళు బాగా దిగుతాయని కుండీ అడుగున రాళ్ళు పరుస్తారు. నిజానికి సన్నటి మట్టి పూర్తిగా నానితే గానీ నీరు పెద్ద సందుల్లోకి దిగదు. దాంతో ఆ బురద పొర రాళ్ళ పైకి, అంటే వేళ్ళకి దగ్గరగా జరుగుతుంది. వేళ్ళకి చోటు కూడా తగ్గుతుంది. కన్నం మీద ఒక కుండపెంకు చాలు.

కొలిచి చూడండి

నీళ్ళు పోసి, కారడం ఆగాక కుండీని తూచండి. ఆకులు వాలడం మొదలైనప్పుడు మళ్ళీ తూచండి. గ్రాము అంటే మిల్లీలీటరు కాబట్టి ఆ తేడానే మీ బఫర్. మట్టి మార్చినప్పుడు ఈ అంకె పెరగకపోతే డబ్బులు దండగ. తూచే వీల్లేకపోతే రెండు అంగుళాల లోతుకి వేలు పెట్టి చూడండి. కోకోపీట్ పైన ఎండినట్టున్నా లోపల తడిగా ఉంటుంది.

మేం హైడ్రోజెల్ కొనలేదు. మట్టి మిశ్రమం మార్చి, ఆకులు కప్పి, కుండీల్ని పిట్టగోడ నీడలోకి జరిపాం. ఇప్పుడు టమాటాకి, తోటకూరకి పొద్దున ఒక్కసారి పోస్తే సరిపోతోంది. ఆ ఒక్కసారీ నాన్నే మోస్తున్నారు.

చివరగా ఒక మాట. ఇవేవీ నీటిని పుట్టించవు, మనం పోసింది దాచిపెడతాయంతే. పుదీనా లాంటివాటికి ఆ దాచింది వరం. కలబందకీ, కాక్టస్‌కీ అదే శాపం, వాటి వేళ్ళు కుళ్ళిపోతాయి. కాబట్టి ఏం కలపాలో షాపులో అడిగే ముందు మీ మొక్కకి తడి నచ్చుతుందో లేదో తెలుసుకోండి.