కాన్సర్ చికిత్స, పరిచర్య: ప్రాథమిక పాఠం

మానవదేహంలోని కణాలు అవసరమైనంత మేరకే విభజన చెందుతాయి. జన్యువులలో కలిగిన మార్పుల వలన ఈ కట్టుబాటు తప్పి, కణాలు అదుపు లేకుండా పెరగటమే కాన్సర్. రక్తకణాలు పుట్టే ఎముక మూలుగలో ఈ వికారం కలిగితే దానిని ల్యుకీమియా అంటారు. ఇది అంటువ్యాధి కాదు. రోగికి కంచం, గ్లాసు వేరుచేయనవసరం లేదు.

కణం విభజన చెందటానికి ముందు డి.ఎన్.ఏ.కు ప్రతిరూపం తయారు కావాలి. అందుకు ఫోలిక్ ఆమ్లం అత్యవసరం. భీమవరంలో 1895లో జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు, న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ పరిశోధనశాలకు సారథ్యం వహించారు. ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్నే గాక, దాని పనిని అడ్డగించే అమినోప్టెరిన్‌ను, మెథోట్రెక్సేట్‌ను కూడా రూపొందించింది. బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ అమినోప్టెరిన్‌ను 16 మంది ల్యుకీమియా బాలబాలికలకు ఇవ్వగా 10 మందికి గుణం కనిపించినట్లు 1948 జూన్‌లో ప్రకటించారు. ఆ గుణం తాత్కాలికమే. అయినను కాన్సర్ ఔషధాలకు లొంగగలదని రుజువైంది. ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. మెథోట్రెక్సేట్ మాత్రం నేటికీ వాడుకలో ఉన్నది. పిల్లలలో అధికంగా కనిపించే లింఫోబ్లాస్టిక్ ల్యుకీమియాకు పలు ఔషధాలు కలిపి ఇవ్వటం వలన, నేడు అమెరికాలో నూటికి దాదాపు 90 మంది అయిదేళ్ళకు మించి జీవిస్తున్నారు.

అయితే ఈ ఔషధాలకు శత్రుమిత్ర భేదం తెలియదు. త్వరితంగా విభజన చెందే ఆరోగ్యకరమైన కణాలు కూడా దెబ్బతింటాయి. కనుకనే జుట్టు రాలుతుంది, నోరు పూస్తుంది, తెల్లరక్తకణాలు తగ్గి సూక్ష్మజీవులను ఎదిరించే శక్తి క్షీణిస్తుంది. నర్సింగ్ విద్యార్థిని ఈ కార్యకారణ సంబంధాన్ని గ్రహిస్తే, పరిచర్యలో ఏది ఎందుకు చేయాలో తనకే బోధపడుతుంది. నోరు పూసినప్పుడు ఆవకాయ మాని మెత్తని పప్పన్నం పెట్టాలి. మృదువైన బ్రష్ వాడాలి. రక్తం గడ్డకట్టటానికి తోడ్పడే ప్లేట్‌లెట్లు తగ్గినప్పుడు రక్తస్రావ భయం ఉన్నందున, వైద్యుడు చెప్పనిదే ఆస్పిరిన్ ఇవ్వరాదు. బలానికని ఫోలిక్ ఆమ్లపు మాత్రలు సొంతంగా ఇవ్వటం కూడా తగదు. అవి చికిత్సకు అడ్డురావచ్చు.

అన్నిటికన్న ముఖ్యమైనది జ్వరం. తెల్లకణాలు తగ్గిన రోగికి వాపు గాని, చీము గాని కనిపించకపోవచ్చు, జ్వరమొక్కటే హెచ్చరిక. ఉష్ణోగ్రత 100.4 ఫారెన్‌హీట్ డిగ్రీలకు చేరితే, టైలినాల్ ఇచ్చి తెల్లవారేవరకు వేచియుండరాదు. అర్ధరాత్రియైనను వైద్యునికి వెంటనే ఫోన్ చేయాలి. ఆ కొద్ది గంటలే ప్రాణాన్ని నిలుపవచ్చు.