ఆరోగ్య ఉపకేంద్రమున మెరుగుదల: తలపెట్టుట, కొలిచి చూచుట

ఉపకేంద్రమునకు క్రొత్త మంచము వచ్చినది, గోడలకు సున్నము పడినది, నీటి కుళాయి అమర్చబడినది అని పంచాయతీ సమావేశములందు తరచుగా వినుచుందుము. ఇవి సంతోషింపదగినవే. కాని వీనివలన ఊరిలోని బాలింతకుగాని, పసిబిడ్డకుగాని కలిగిన మేలెంత అని సభ్యు డొకడు లేచి ప్రశ్నించినచో సమాధానము చెప్పగలవా రరుదు. రాజ్యాంగపు 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చినది మొదలు, రాష్ట్రములు పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములలో ఆరోగ్యము, పారిశుద్ధ్యము, ఆస్పత్రులు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములు చేరియున్నవి. వైద్యము చేయుట మనకు తెలియని విద్య. అది అందవలసినవారికి అందవలసిన దినమున అందుచున్నదా యని చూచుటకు మాత్రము వైద్యవిద్య అక్కరలేదు. లెక్క వ్రాసికొను ఓపిక చాలును.

ఈ పద్ధతి నేటిది కాదు. ఆస్ట్రియా రాజధానియగు వియన్నా పెద్దాస్పత్రిలో 1846లో రెండు ప్రసూతి విభాగములుండెను. వైద్య విద్యార్థులు పనిచేయు మొదటి విభాగమున నూటికి పదకొండుగురికి పైగా తల్లులు మరణించిరి. మంత్రసానులు పనిచేయు రెండవ విభాగమున నూటికి ముగ్గురికి లోపే. చావులకు ముఖ్యకారణము బాలింత జ్వరము. రెండు విభాగములకు ఆస్పత్రి ఒకటే, ఊరొకటే. భేద మెచట నున్నదని వెదకిన వైద్యుడు ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్. విద్యార్థులు శవపరీక్ష గది నుండి నేరుగా కాన్పుల గదికి వచ్చుచుండిరని ఆయన గ్రహించెను. 1847 మే నెల నడుమ నుండి బ్లీచింగు పొడి కలిపిన నీటితో చేతులు కడిగికొనిన గాని లోనికి రారాదని నియమము పెట్టెను. ఏప్రిల్‌లో నూటికి 18కి పైగా నున్న మరణములు జూన్ నాటికి 2కు కొంచెము మించి నిలిచెను. సూక్ష్మజీవులు రోగకారణములను సిద్ధాంత మప్పటికి స్థిరపడలేదు. ఆయన చేతనున్నవి రెండే: పోల్చిచూచుటకు రెండవ విభాగము, నెలనెల లెక్క. అయినను తోటి వైద్యులు పలువురు ఆ నియమమును అవమానముగా నెంచిరి. 1850లో ఆయన వియన్నా విడిచిపోయెను. లెక్క సరియైనది అయినంతమాత్రమున పనివారు ఒప్పుకొందురను భరోసా లేదని దీనివలన తెలియుచున్నది. ఈ సంగతి సభ్యులకు మరల అవసరమగును.

మెరుగుదల పని తలపెట్టువారు ముందుగా మూడు ప్రశ్నలకు జవాబు వ్రాసికొనవలెనని నేటి నిపుణులు చెప్పుదురు. ఏమి సాధింపదలచితిమి? సాధించితిమని ఎట్లు తెలియును? అందుకై ఏ మార్పు చేయుదుము? సామాన్యముగా మనము మూడవ ప్రశ్నతో మొదలుపెట్టి, మొదటి రెంటిని మరచుచుందుము. మంచము కొనుట మూడవ ప్రశ్నకు జవాబు.

ఒక ఊరిని ఊహించి చూతము

జనాభా మూడువేలు, ఏటా 48 కాన్పులు గల గ్రామ మొకటి యున్నదనుకొందము. బిడ్డకు 6, 10, 14 వారముల వయస్సున పెంటావాలెంటు టీకా వేయవలెను. కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతము, హెపటైటిస్-బి, హిబ్ అను క్రిమివలన వచ్చు మెదడు పొరల వాపు, న్యుమోనియా అనువాని నుండి ఇది కాపాడును. మొదటి మోతాదు దాదాపు అందరికిని పడుచున్నది. మూడవది ఆలస్యమగుచున్నది, కొందరికి పడుటయే లేదు. కోరింత దగ్గు ప్రాణముమీదికి తెచ్చునది ముఖ్యముగా ఈ నెలల పసికందులకే గనుక ఆలస్యము చిన్న విషయము కాదు.

కారణము తల్లుల అశ్రద్ధయని కూర్చున్నచోటనే తీర్మానించుట సులభము. ఆశా కార్యకర్తను, ఏ.ఎన్.ఎమ్.ను, నలుగురైదుగురు తల్లులను కూర్చుండబెట్టి అడిగినచో వేరొక కథ బయటపడవచ్చును. మన ప్రాంతములందు తొలికాన్పు పుట్టింట జరుగుట ఆచారము. బాలింత మూడవ నెలలోనో ఐదవ నెలలోనో అత్తవారింటికి వచ్చును. సరిగా ఆ నడిమి కాలమున మూడు మోతాదులును పడవలసియున్నవి. పుట్టింటి ఊరిలోని ఆశా కార్యకర్త, 'ఆమె వెళ్లిపోయినది' అని వ్రాసికొనును. అత్తవారి ఊరిలోని ఆశా కార్యకర్త, 'ఇంకను రాలేదు' అని వ్రాసికొనును. రెండు పుస్తకములును సరియైనవే. బిడ్డకు మాత్రము టీకా లేదు. ఇట్టి లోపమునకు దోషి ఎవరని వెదకిన దొరకడు. అది ఏర్పాటులోని లోపము.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు జవాబు వ్రాయవచ్చును. 'టీకాల కార్యక్రమమును బలపరచవలెను' అను వాక్యము తీర్మానముల పుస్తకమునకు అందమే గాని పనికిరాదు. 'రాబోవు సంక్రాంతి నాటికి, మన ఊరిలో పెరుగుచున్న ప్రతి బిడ్డకు, మూడవ మోతాదు గడువు దాటిన వారములోపల పడవలెను' అనవలెను. ఎవరికి, ఎంత, ఎప్పటికి అను మూడును ఇందు కలవు.

కొలత

ఇచట తొందరపడరాదు. నెలకు నలుగురు పిల్లలు పుట్టు ఊరిలో శాతములు మోసగించును. నలుగురిలో ఒక్కరు తప్పినచో 75 శాతము, ఇద్దరు తప్పినచో 50 శాతము. ఒక నెల పండుగ, మరు నెల విచారము. అందుచే శాతమునకు బదులుగా ప్రతి బిడ్డకు ఎన్ని దినములు ఆలస్యమైనదో వ్రాయుట మేలు. పుట్టిన నాటినుండి 98 దినములు నిండిన దినము గడువు. ఆపైన గడచిన దినములే ఆలస్యము.

గడచిన మాసములలో గడువు దాటిన పదకొండుగురు పిల్లల ఆలస్యము వరుసగా 3, 0, 42, 14, 56, 21, 7, 35, 28, 63, 18 దినము లనుకొందము. వీనిని చిన్నదానినుండి పెద్దదానికి పేర్చినచో నట్టనడుమ 21 వచ్చును. ఇది మధ్యమము. సగటు తీయరాదా యని అడుగవచ్చును. ఒక్క బిడ్డ ఏడాది ఆలస్యమైనచో సగటు అమాంతముగా పెరిగిపోవును. మధ్యమము అట్లు చలింపదు. గళ్ల కాగితముమీద 21 వద్ద అడ్డముగా గీత గీసి, ఒక్కొక్క బిడ్డకు ఒక్కొక్క చుక్క పెట్టవలెను. బడిలోని ఉపాధ్యాయుడు పది నిమిషములలో నేర్పగలడు.

టీకా ఇంకను పడని బిడ్డ నేమి చేయవలెను? లెక్కనుండి తీసివేయరాదు. ఈ తప్పు మిక్కిలి సామాన్యము. రానివారిని విడిచి వచ్చినవారినే లెక్కించినచో ఏ కేంద్రమైనను చక్కగానే కనబడును. నేటివరకు గడచిన దినములు వ్రాసి, ఆ చుక్కను ఎఱ్ఱ సిరాతో పెట్టవలెను. మరియొకటి: మోతాదుల నడుమ నాలుగు వారములైనను ఎడముండవలెను గనుక, రెండవది ఆలస్యమైనచో మూడవదియు ఆలస్యము కాక తప్పదు. జబ్బు ఎక్కడ మొదలైనదో చూచుటకు మూడు తేదీలును వ్రాసియుంచవలెను.

చిన్నదిగా మొదలిడుట

మార్పు ఇదియని అనుకొందము: గర్భిణి పుట్టింటికి బయలుదేరునప్పుడే ఆమె తల్లీబిడ్డల కార్డు అట్టపై రెండూళ్ల ఆశా కార్యకర్తల ఫోను నంబర్లు పెద్ద అక్షరములతో వ్రాయుట, బాలింత తిరిగి బయలుదేరు ముందు ఒకరు మరియొకరికి కబురుచేయుట. దీనిని మండలమంతట ఒకేసారి ప్రకటింపరాదు. ఒక్క ఆశా కార్యకర్త, ఒక్క గర్భిణితో మొదలుపెట్టి చూడవలెను. కార్డుపై నున్న కుటుంబపు ఫోను భర్తదనియు, అతడు పనికి పోయి పలుకుట లేదనియు అప్పుడు తెలియవచ్చును. అత్తగారి నంబరో, పొరుగింటివారి నంబరో చేర్చి రెండవ గర్భిణితో మరల చూడవలెను. తలపెట్టుట, చేయుట, పరిశీలించుట, సరిదిద్దుకొనుట అను ఈ చక్రమునకు అమెరికాలో వాల్టర్ షూహార్ట్, ఎడ్వర్డ్స్ డెమింగ్ అను నిపుణులు కర్మాగారముల పనికై పునాది వేసిరి. తరువాత ఆస్పత్రులు దానిని చేపట్టినవి.

మార్పు తరువాత ఒక చుక్క గీతకు దిగువన పడినంతనే సంతోషింపనక్కరలేదు. వరుసగా ఆరు చుక్కలు దిగువననే పడినచో నమ్మవచ్చును. నాణెమును ఎగురవేసినచో ఆరుసార్లును బొరుసే పడుట 64 పర్యాయములకు ఒకసారి మాత్రమే జరుగును గదా! అదే సమయమున ప్రత్యేక టీకాల కార్యక్రమము ఏదైనను జరిగినచో పటముపై బాణపు గుర్తు పెట్టవలెను. లేనిచో దాని పుణ్యము మన ఖాతాలో పడును. మార్పు చేయని పొరుగూరి లెక్కను ప్రక్కన పెట్టుకొనుట ఇంకను మంచిది.

పోలిక ఎంత ముఖ్యమో ఉత్తరప్రదేశ్‌లో జరిగిన ఒక పెద్ద పరిశోధన తెలుపుచున్నది. అచట 2014 మొదలు 2016 వరకు 24 జిల్లాలలో 120 ఆరోగ్య కేంద్రములను తీసికొని, సగము కేంద్రములలో కాన్పు సమయమున చేయవలసిన పనుల పట్టిక నిచ్చి సిబ్బందికి ప్రక్కనుండి నేర్పిరి. రెండు నెలలకు ఆ కేంద్రములందు చేయవలసిన పనులలో 73 శాతము జరుగుచుండగా, తక్కినవానిలో 42 శాతమే జరిగినవి. ఇచటనే ఆగినచో ఘనవిజయమని చాటియుందురు. కాని లక్షన్నరకు పైగా తల్లీబిడ్డల లెక్క తీయగా, మరణములు, తల్లుల తీవ్ర ఉపద్రవములు కలిపి ఒకచోట 15.1 శాతము, మరియొకచోట 15.3 శాతము. భేదము లేనట్లే. నేర్పువారు వెళ్లిన పిమ్మట, ఏడాది నాటికి ఆ 73 శాతమును 62కు తగ్గెను. 2017లో ఈ ఫలితములను దాచక ప్రకటించుట మెచ్చదగినది. వనరులు, విధానము, ఫలితము అను మూడింటిని వేర్వేరుగా చూడవలెనని అవెడిస్ డొనబేడియన్ అను ఆచార్యుడు 1966లోనే వ్రాసెను. మన మంచము, కుళాయి వనరులు; పట్టిక ప్రకారము పనిచేయుట విధానము; బిడ్డ బ్రదుకుట ఫలితము. మన ఊహాగ్రామమున టీకా పడుట విధానమే యైనను, టీకా గుణము ఇదివరకే రుజువైనది గనుక ఆ కొలత చాలును. అన్ని పనులకును అట్లు చాలదు.

పని ఒకచోట బాగుపడి మరియొకచోట చెడుచున్నదేమో కూడ చూడవలెను. ఫోనులకై తిరుగుచు ఆశా కార్యకర్త గర్భిణుల ఇండ్లకు పోవుట మానినచో లాభమేమి? ఆమె నెలకు ఎందరు గర్భిణులను చూచుచున్నదో అదే కాగితముపై మరియొక వరుసగా వ్రాసికొనుట మంచిది.

సభ్యులు తనిఖీదారులవలె పోరాదు. సెమ్మెల్‌వైస్ కథ ఇచట జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. 'ఈ నెల చుక్క పైకి పోయినదేమి?' అని ఏ.ఎన్.ఎమ్.ను నలుగురిలో నిలదీసినచో, మరు నెలనుండి చుక్కలన్నియు దిగువననే యుండును. తేదీలు మాత్రము నిజము కావు. పటమును ఆమె చేతనే గీయించి, ఆమె చెప్పినది ముందుగా వినవలెను. గ్రామసభలో పటమును చూపవచ్చును గాని బిడ్డల పేర్లు, కుటుంబముల పేర్లు అందుండరాదు.

ఖర్చు విషయమున చెప్పవలసినది కొద్ది. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీకి జాతీయ ఆరోగ్య మిషన్ క్రింద ఏటా పదివేల రూపాయల వరకు నిర్బంధములేని నిధి ఏర్పరుపబడినది. గళ్ల కాగితములకు, ఫోను ఖర్చులకు అందులో కొద్ది భాగము చాలును. ఆస్పత్రుల నాణ్యతకు కేంద్ర ప్రభుత్వము 2013లో తెచ్చిన జాతీయ ప్రమాణములు నేడు ఉపకేంద్రములకును వర్తించుచున్నవి. ఆ పరీక్షకు సిద్ధపడునప్పుడు ఇట్టి పటము చేతనున్నచో వైద్యాధికారికి చాల ఉపకరించును.

గురి చేరిన పిమ్మట పటమును మడిచి బీరువాలో పెట్టరాదు. ఆరు నెలలైనను చుక్కలు పెట్టుచు పోవలెను, ఏ.ఎన్.ఎమ్. బదిలీయైన నెలలో, ఆశా కార్యకర్త సెలవుపై నున్న నెలలో ఏమి జరిగినదో ప్రత్యేకముగా చూడవలెను. క్రొత్తగా వచ్చినవారికి కార్డు అట్టపై నంబర్లు వ్రాయు సంగతి ఎవరు చెప్పవలెనో, ఆ పేరును ముందే కమిటీ పుస్తకములో వ్రాసియుంచవలెను.